జెట్ విమానాల గయోపాఖ్యానం

వ్యాసులవారి భారతం పద్దెనిమిది పర్వాలూ తిరగేసినా శ్రీకృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం జరిగినట్టు ఎక్కడా కనిపించదు. జరగడానికి వీల్లేదు కూడాను. బావా బావమరుదులు. ఒకరు రథం తోలేవారు, మరొకరు ఆ రథంలో నిలబడేవారు. అయినా చిలకమర్తివారి గయోపాఖ్యానం నాటకాన్ని మన తాతలూ ముత్తాతలూ ఎన్ని రాత్రులు మేలుకుని చూశారో లెక్కలేదు. 1963లో అదే కథ 'శ్రీకృష్ణార్జున యుద్ధము' పేరుతో సినిమాగా వచ్చింది. రామారావూ నాగేశ్వరరావూ ఎదురెదురుగా నిలబడి విల్లెక్కుపెడుతూంటే, ఎవరివైపు చప్పట్లు కొట్టాలో తేల్చుకోలేక జనం అవస్థపడ్డారే గాని, "ఇది భారతంలో లేదు గదండీ!" అంటూ టిక్కెట్టు డబ్బులు వాపసు అడిగినవాళ్ళు లేరు. ఇద్దరు మహావీరులున్నారంటే వాళ్ళిద్దరిలో ఎవరు గొప్పో తేల్చుకోవాలని మనిషికి పుట్టుకతో వచ్చిన దురద!

ఇప్పుడా దురద కంప్యూటరు తెరమీదికి ఎక్కింది. విమాన యుద్ధాల ఆటలని వున్నాయి. పాత యుద్ధ విమానాల్ని అచ్చుగుద్దినట్టు తెరమీద నిలబెట్టి, నడుపుకోమని మన చేతికిస్తాయి. కుర్రాళ్ళే కాదు, తల నెరిసిన ఆఫీసర్లు కూడా రాత్రి భోజనాలయ్యాక వాటిముందు కూర్చుంటున్నారు. చెవులకు డిప్పలు తగిలించుకుని, "వెనకాల వున్నాడు, వెనకాల!" అని ఏ దేశంలోనో వున్నవాడితో కేకలు వేస్తారు. మజ్జిగ గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టిన ఇల్లాలు మాత్రం వాళ్ళ కంటికి ఆనదు. ఈ ఆటల్ని తయారుచేసేవాళ్ళు గొప్పగా చెప్పుకునే మాట ఒకటుంది. విమానాలన్నీ చరిత్ర ప్రకారమే చేశామంటారు.

చరిత్ర అనే మాట వినబడితే నా చెవి అటు తిరుగుతుంది. అదేదో చూద్దామని కూర్చున్నాను. అన్ని విమానాల సంగతీ నావల్ల అయ్యే పని కాదు గనక బ్రిటిష్‌వాళ్ళ తొలి జెట్ యుద్ధ విమానాలు రెండింటిని, మీటియర్‌నీ వాంపైర్‌నీ పట్టుకున్నాను. ఈ రెండోదానికి మన సికిందరాబాదుతో చుట్టరికం కూడా వుంది. ఆ సంగతి వెనక చెబుతాను.

ముందు జెట్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. అంతకుముందు విమానాలకు ముక్కు దగ్గర పంకా వుండేది. అది గాలిని కోసుకుంటూ విమానాన్ని ముందుకు లాగేది. జెట్‌కి ఆ పంకా లేదు. ముందునుంచి గాలి పీల్చుకుంటుంది, దాన్ని నొక్కిపెడుతుంది, అందులో కిరసనాయిలు మండిస్తుంది, ఆ వేడిగాలిని వెనక్కి వూదుతుంది. పిల్లలు గాలిబుడగ వూది మూతి వదిలేస్తే గదంతా ఎలా పరుగులు తీస్తుందో అదే సూత్రం.

ఇంగ్లండులో ఈ ఆలోచన చేసినవాడు ఫ్రాంక్ విటిల్ అనే చిన్న వైమానికదళ ఆఫీసరు. 1930 జనవరిలో పేటెంటుకి దరఖాస్తు పెట్టేనాటికి ఆయనకు 22 ఏళ్ళు. 1935లో ఆ పేటెంటుని కొనసాగించుకోవాలంటే అయిదు పౌన్లు కట్టాలని కాగితం వచ్చింది. అప్పటికి ఆయన కేంబ్రిడ్జిలో చదువుకుంటున్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పసిపిల్లలు. ప్రభుత్వాన్ని అడిగితే మేం కట్టమంది. పేటెంటు మురిగిపోయింది! నెలాఖరు సంసారాలు ఎరిగిన మనకి ఈ అయిదు పౌన్ల కథ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పాలవాడికా, స్కూలు ఫీజుకా, ప్రపంచాన్ని మార్చే యంత్రానికా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఏ ఇల్లయినా పాలవాడికే కడుతుంది.

అయినా విటిల్ వదలలేదు. 1936లో మిత్రుల సాయంతో పవర్ జెట్స్ అనే చిన్న కంపెనీ పెట్టారు. 1937 ఏప్రిల్ 12న ఇంజన్ మొదటిసారి తిరిగింది. 1941 మే 15న క్రాన్‌వెల్‌లో బ్రిటిష్ జెట్ విమానం మొదటిసారి నేలవిడిచింది. అయితే ఆ లోపలే, 1939 ఆగస్టు 27న, జర్మన్లు హైంకెల్ కంపెనీవారి జెట్‌ని ఎగరేసి చూసుకున్నారు. దేశాలు రెండూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే వంట వండుతున్నారన్నమాట.

ఈ వంటలో రెండు దేశాల విస్తళ్ళలోకీ రెండు యుద్ధ విమానాలు వచ్చాయి. బ్రిటిష్‌వారిది గ్లాస్టర్ మీటియర్. 1943 మార్చి 5న మొదట ఎగిరింది. జర్మన్లది మెసర్‌ష్మిట్ 262. జెట్ ఇంజన్లతో 1942 జూలై 18నే ఎగిరింది. 1944 వేసవిలో రెండూ యుద్ధంలోకి దిగాయి. ఒకే యుద్ధం, ఒకే ఏడాది, రెండు జెట్లు. ఇంక చూసుకోండి, గయోపాఖ్యానానికి రంగం సిద్ధమైనట్టే గదా!

కాని ఆ నాటకం జరగలేదు. మీటియర్, మెసర్‌ష్మిట్ 262 ఆకాశంలో ఒక్కసారి కూడా ఎదురుపడి పోరాడలేదు.

మరి మీటియర్ ఏం చేసినట్టు? అది చేసిన పని వింటే నాకు దానిమీద గౌరవం పెరిగింది. 1944 జూన్‌నుంచి జర్మన్లు లండన్ మీదికి పైలట్ లేని ఎగిరే బాంబుల్ని వదలడం మొదలుపెట్టారు. వాటిని వి-1 అనేవారు. గంటకు సుమారు 640 కిలోమీటర్ల వేగంతో భటభటమంటూ వచ్చేవి. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ ఫరవాలేదు. ఆగిందంటే అది కింద పడుతోందని అర్థం. పిల్లల్ని బల్లలకింద దాచి, చప్పుడు ఎప్పుడు ఆగుతుందో అని చెవులు రిక్కించుకుని తల్లులు కూర్చున్న రోజులవి. వాటివల్ల బ్రిటన్‌లో ఆరువేల మందికి పైగా చనిపోయారు.

కెంట్ జిల్లాలో సముద్రం పక్కన మాన్‌స్టన్ విమానస్థలంనుంచి 616వ స్క్వాడ్రన్ మీటియర్లు 1944 జూలై 27న వీటి వేటకు బయల్దేరాయి. ఆగస్టు 4న డీన్ అనే పైలట్ ఒక వి-1ని తరుముతూ వెళ్ళాడు. సరిగ్గా సమయానికి తుపాకులు మొరాయించాయి. ఆయన వెనక్కి తిరగలేదు. బాంబు పక్కకు చేరి, తన రెక్కని దాని రెక్క కిందికి పోనిచ్చి, మెల్లిగా వోరగిల్లేట్టు చేశాడు. దారి చూపించే యంత్రం తల్లకిందులై అది ఇళ్ళు లేనిచోట కూలిపోయింది. బ్రిటిష్ జెట్ సాధించిన మొదటి విజయం ఒక్క గుండు కూడా పేల్చకుండా వచ్చింది! ఆ స్క్వాడ్రన్ మీటియర్లు మొత్తం ఓ పద్నాలుగు వి-1లను కూల్చినట్టు లెక్క.

ఆ తరవాత 1945 మొదట్లో కొన్ని మీటియర్లను బెల్జియం పంపించారు. మనవాళ్ళే శత్రువుల విమానమనుకుని కాల్చేస్తారేమోనని వాటికి తెల్లరంగు వేశారు. మన సైనికుల తలల మీదుగా తక్కువ ఎత్తులో తిప్పి, "చూసి గుర్తుపెట్టుకోండయ్యా" అన్నట్టు పరిచయాలు చేశారు. అంతేగాని చాలారోజులు శత్రువుల గడ్డమీదికి పోనివ్వలేదు. అక్కడ కూలిందంటే రహస్యం కాస్తా జర్మన్ల చేతిలోనో, రష్యన్ల చేతిలోనో పడుతుందని భయం. కొత్తకోడలికి నగలన్నీ పెట్టి, గడప దాటవద్దన్నట్టు! యుద్ధం చివరి రోజుల్లో గాని దాన్ని ముందుకు పోనివ్వలేదు. అప్పుడు కూడా అది కాల్చినవి నేలమీద వున్న విమానాల్నీ, వాహనాల్నీ.

అసలు చరిత్ర ఇది. ఇక ఆటలోకి రండి.

వార్ థండర్ అని ఒక ఆట వుంది. 2012నుంచి ప్రపంచమంతా ఆడుతున్నారు. అది ప్రతి విమానానికీ దాని బలాన్నిబట్టి ఒక అంకె ఇస్తుంది. అంకెలు దగ్గర దగ్గరగా వున్నవాటిని ఒకే బరిలోకి దింపుతుంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి పుంజుల్ని బరువుకి బరువు చూసి జతకట్టినట్టన్నమాట. ఏ సంవత్సరంలో పుట్టింది, ఎవరితో పోరాడింది అన్నది ఆ లెక్కలోకి రాదు. దాంతో చరిత్రలో ఎన్నడూ కలుసుకోని మీటియరూ, మెసర్‌ష్మిట్ 262 అక్కడ రోజూ కలుసుకుంటున్నాయి, రోజూ కూల్చుకుంటున్నాయి.

ఇంజనీరింగ్ చదివే మా మనవడు ఈ ఆటలో ఆరితేరినవాడు. వాడి ముందు ఈ మాట అంటే వూరుకుంటాడా?

"అమ్మమ్మా, స్పీడు కరెక్టు, ఇంజన్ పవర్ కరెక్టు, గన్స్ కూడా కరెక్టు. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు.

"అవి కలుసుకోలేదు గదరా నాయనా!"

"కలుసుకుని వుంటే ఏమయ్యేదో చూస్తున్నాం. అంతే."

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. కలుసుకుని వుంటే ఏమయ్యేదో కాగితంమీద కూడా కొంత తెలుస్తుంది. మొదటి రకం మీటియర్ వేగం గంటకు సుమారు 670 కిలోమీటర్లు. మెసర్‌ష్మిట్‌ది సుమారు 870. ఆ తొలి మీటియర్లు కేవలం 20 తయారయ్యాయి. మెసర్‌ష్మిట్లు 1,400 దాకా తయారయ్యాయి. అలాగని జర్మన్లదే గెలుపనుకుంటే పొరపాటు. వాళ్ళ ఇంజన్లు పాతిక గంటలు నడిస్తే గొప్ప. తయారైనవాటిలో చాలావాటికి నడిపేందుకు పైలట్లూ లేరు, పోసేందుకు ఇంధనమూ లేదు. ఆటలో మాత్రం రెండూ నిండు ట్యాంకులతో, కొత్త ఇంజన్లతో, తళతళలాడుతూ వస్తాయి. యుద్ధమంటే వేగాల పట్టిక అనిపించడం అక్కడే మొదలవుతుంది.

ఆ పట్టిక విషయంలో ఈ ఆటగాళ్ళ నిష్ఠ చూస్తే మడి కట్టుకున్న మా నాయనమ్మ గుర్తొస్తుంది. మేకు దగ్గర మేకు వుండాలి. రంగు కాస్త తేడా వస్తే గొడవే. 2021లో ఇదే ఆటలోని ఒక బ్రిటిష్ టాంకు సరిగ్గా లేదని నిరూపించడానికి ఒక ఆటగాడు అసలు టాంకు తాలూకు సైనిక పత్రం పేజీల్నే అందరూ చూసేలా బయటపెట్టాడు. ఆట తయారుచేసినవాళ్ళు హడలిపోయి దాన్ని తీసేశారు. ఆటలో ఇనుము మందం సరిపోవాలని నిజం సైన్యం కాగితాలు బజారుకెక్కించడం! ఇంత పట్టుదల సంవత్సరాల విషయంలోనూ, మనుషుల విషయంలోనూ వుంటే ఎంత బాగుండును అనిపిస్తుంది.

సంవత్సరాలంటే వాంపైర్ కథ చెప్పాలి. 2002లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఒక విమాన యుద్ధాల ఆట తెచ్చింది. అందులో రెండో ప్రపంచయుద్ధం ఇంకా కొంతకాలం సాగినట్టు వూహించుకోవచ్చు. ఆ వూహలో డిహావిలండ్ వాంపైర్ కూడా యుద్ధానికి వస్తుంది. నిజానికి వాంపైర్ స్క్వాడ్రన్లకు చేరింది 1946లో. అప్పటికి హిట్లరూ లేడు, యుద్ధమూ లేదు. పెళ్ళయిపోయాక పందిట్లోకి వచ్చిన మేళంలాంటిది.

అయితే ఈ మేళానిది మంచి వాయిద్యమే. దాని ముందుభాగం చెక్కతో చేశారంటే నమ్ముతారా? పలచని ప్లైవుడ్ రేకుల మధ్య తేలికైన బాల్సా కర్ర పెట్టి, జిగురుతో అంటించి, అచ్చుల్లో వంచారు. మన కొండపల్లివాళ్ళు పొణికి కర్రని ఎందుకు ఎంచుకున్నారో వాళ్ళు బాల్సాని అందుకే ఎంచుకున్నారు: తేలిక, చెప్పినట్టు వింటుంది. 1945 డిసెంబరు 3న ఎరిక్ బ్రౌన్ అనే పైలట్ ఈ వాంపైర్‌ని ఓషన్ అనే యుద్ధనౌకమీద దింపి, నౌకమీద జెట్‌ని దింపిన మొదటివాడనిపించుకున్నాడు. 1948లో ఆరు వాంపైర్లు అట్లాంటిక్ సముద్రం దాటాయి. జెట్లు ఆ సముద్రాన్ని దాటడం అదే మొదలు.

అదే 1948లో వాంపైర్లు మన దేశానికీ వచ్చాయి. భారత వైమానికదళానికి మొదటి జెట్ అదే. తరవాత బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌వారు లైసెన్సు తీసుకుని మనచోటే తయారుచేశారు. మన హకీంపేటలో జెట్ నడపడం నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు 1960లలో నేర్చుకున్నది ఈ వాంపైర్ల మీదే. నేను చెప్పిన చుట్టరికం ఇది.

ఆ రోజుల్లో మేము అల్వాల్‌లో వుండేవాళ్ళం. పొద్దున్నే ఆకాశంలో ఈలలాంటి చప్పుడు మొదలయ్యేది. మేం పిల్లలం డాబామీదికి పరిగెత్తి చేతులూపేవాళ్ళం. మా అమ్మ మాత్రం పెరట్లో గిన్నెలు తోముతూ తల పైకెత్తి, "ఎవరి కన్నబిడ్డో, చల్లగా దిగితే బావుణ్ణు" అనేది. రోజూ అదే మాట. అప్పుడు మాకు నవ్వొచ్చేది. విమానం కనిపిస్తూంటే బిడ్డ మాట ఎందుకు?

ఆ మాట ఎందుకో అంకెలే చెబుతాయి. బ్రిటిష్ వైమానికదళంలో పనిచేసినన్నాళ్ళలో సుమారు 890 మీటియర్లు ప్రమాదాల్లో పోయాయి. 450 మంది పైలట్లు చనిపోయారు. ఒక్క 1953లోనే 145 కూలాయి. శత్రువు చేతిలో కాదు సుమా! చాలామటుకు శిక్షణలో, మామూలు రోజువారీ ఎగరడంలో. రెండు ఇంజన్లూ రెక్కల మీద దూరదూరంగా వుండేవి. ఒకటి ఆగితే విమానం ఆ పక్కకు తిరగబడబోయేది. అలా జరిగితే ఏం చెయ్యాలో నేర్పడానికి కావాలనే ఒక ఇంజన్ ఆపి దింపడం సాధన చేయించేవారు. ఆ సాధనలోనే ఎందరో పోయారు. ఇంధనం గంటసేపు కూడా సరిగ్గా వచ్చేది కాదు. తొలి మీటియర్లలో ఆపద వస్తే కుర్చీతోసహా పైలట్‌ని బయటికి విసిరే ఏర్పాటు లేదు. అలాటి కుర్చీని 1946 జూలై 24న బెర్నార్డ్ లించ్ అనే మనిషి తానే కూర్చుని పరీక్షించాడు. అది కూడా ఒక మీటియర్‌లోనుంచే! ఆ మార్టిన్ బేకర్ కంపెనీ కుర్చీలు తరవాత ప్రపంచమంతటా ఏడువేల మందికి పైగా ప్రాణాలు నిలబెట్టాయి. అందరి బిడ్డల్నీ చల్లగా దింపాలని చూసినవాళ్ళు ఎక్కడో వున్నారన్నమాట.

ఇక డిహావిలండ్ వారింటి కథ వింటే అన్నం సహించదు. కంపెనీ యజమాని జెఫ్రీ డిహావిలండ్ కుర్రతనంలో తన మొదటి విమానం తయారుచేసినప్పుడు, దాని రెక్కలకు గుడ్డ కుట్టింది ఆయన భార్య లూయీ. ఇంట్లో కుట్టుమిషన్ తొక్కే ప్రతి ఆడదీ ఆ దృశ్యాన్ని వూహించుకోగలదు. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. 1943 ఆగస్టులో చిన్నకొడుకు జాన్, రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని చనిపోయాడు. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 20న, పెద్దకొడుకు జెఫ్రీ వాంపైర్‌ని మొదటిసారి గాలిలోకి తీసుకెళ్ళాడు. ఆరోజు ఆ తల్లి ఎలా వుండి వుంటుందో! 1946 సెప్టెంబరు 27న, కొత్త జెట్ ఒకటి నడుపుతూ, అది గాలిలోనే ముక్కలై ఆ పెద్దకొడుకూ పోయాడు. ఆ తల్లి 1949లో కన్నుమూసింది.

ఇప్పుడు ఆటలో వాంపైర్ కూలితే ఏమవుతుంది? ఒక అక్షరాల వరస వస్తుంది. ఒక మీట నొక్కితే మళ్ళీ కొత్త వాంపైర్. మా మనవడు ఒక సాయంత్రంలో పదిహేను సార్లు చచ్చి, పకోడీలకు లేచి వస్తాడు. ఆటంటే అలాగే వుండాలి, కాదనను. చదరంగంలో గుర్రం చచ్చినా ఎవరూ ఏడవరు. అయితే చదరంగం తాను చరిత్రనని చెప్పుకోదు.

నిజంగా జరిగిన ద్వంద్వయుద్ధం ఒకటి చెప్పి ఈ మీటియర్ కథ ముగిస్తాను. కొరియా యుద్ధంలో ఆస్ట్రేలియావారి 77వ స్క్వాడ్రన్ మీటియర్లతో పోరాడింది. 1951 డిసెంబరు 1న రష్యన్ మిగ్-15లు పెద్ద గుంపుగా వాళ్ళమీద పడ్డాయి. మూడు మీటియర్లు పోయాయి. వాటి వేగం చాలడంలేదని తేలింది. ఆ తరవాత వాటిని ఎక్కువగా నేలమీది గురుల మీదికే పంపించారు. ఇందులో అసలు విషాదం ఏమిటో తెలుసా? ఆ మిగ్-15 గుండెలో కొట్టుకున్నది బ్రిటిష్ ఇంజనే. 1946లో బ్రిటిష్ ప్రభుత్వం రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజన్లను రష్యాకు అమ్మడానికి ఒప్పుకుంది. రష్యన్లు వాటిని విప్పి, చూసి, అలాటివే చేసుకుని మిగ్‌లో బిగించారు. రహస్యం జర్మనీలో పడుతుందని 1945లో గడప దాటనివ్వని వస్తువుని మరుసటి ఏడాదే చేతులారా అమ్మారు! మిగ్‌కీ మీటియర్‌కీ పోటీ పెట్టే ఆటలు ఇంజన్ బలం పౌన్లలో చూపిస్తాయి. ఆ ఇంజన్ ఎవరింట్లో పుట్టి ఎవరింటికి వెళ్ళిందో చూపించవు. నాకు మాత్రం ఆ కథ ముందు ఏ పోరాటమూ చప్పగానే వుంటుంది.

మన వాంపైర్లకూ ఇదే గతి పట్టింది. 1965 సెప్టెంబరు 1న ఛంబ్‌లో శత్రు టాంకుల్ని ఆపడానికి పఠాన్‌కోట్‌నుంచి వాంపైర్లను పంపించారు. కాలం చెల్లిన విమానాలని తెలిసే, సైన్యం అడిగింది గనక, చేతిలో వున్నవి అవే గనక పంపించారు. వాటికంటే చాలా వేగమైన పాకిస్తానీ సేబర్లు ఎదురయ్యాయి. నాలుగు వాంపైర్లు కూలాయి. ఆ తరవాత వాంపైర్లను యుద్ధంలో ముందువరసనుంచి తప్పించారు. ఆటలో ఇలాటి పోటీ పెడితే అన్యాయమని గోలపెడతారు. అంకెలు కలవలేదంటారు. చరిత్రలో అంకెలు ఎప్పుడు కలిశాయి గనక?

ఇంతకీ ఈ ఆటలు ఎవరికీ గుర్తుచెయ్యని ఒక మనిషిని మీకు పరిచయం చెయ్యాలి. ఆవిడ పేరు వెరోనికా వోల్కెర్స్. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలనుంచి విమానాల్ని స్క్వాడ్రన్లకు చేరవేసే సంస్థ ఒకటి ఇంగ్లండులో వుండేది. అందులో 160కి పైగా ఆడపైలట్లు పనిచేశారు. ఇవాళ ఒక రకం, రేపు మరో రకం. ఎన్నడూ ఎక్కని విమానమైనా ఒక చిన్న నోటుపుస్తకం చూసుకుని నడుపుకుపోవలసిందే. ఆ పుస్తకంలో ఒక్కో విమానానికి ఒక్కో కార్డు వుండేది. వంటల పుస్తకం చూసి కొత్త పిండివంట చేసినంత ధైర్యంగా వాళ్ళు బాంబర్లు నడిపారు. 1943నుంచి మగవాళ్ళతో సమానంగా జీతం కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. 1945 సెప్టెంబరులో వెరోనికా ఒక మీటియర్‌ని ఎక్కి, తీసుకెళ్ళవలసిన చోటికి తీసుకెళ్ళి, జాగ్రత్తగా దింపింది. జెట్ నడిపిన మొదటి బ్రిటిష్ మహిళ ఆవిడే. ఎవర్నీ కూల్చలేదు, ఎవరిచేతా కూలలేదు. అప్పగించవలసిన వస్తువుని చెక్కుచెదరకుండా అప్పగించింది. ఆటలో దానికి ఒక్క పాయింటు కూడా రాదు!

ఈ ఆటలు చెడ్డవని నేను అనను. వాటి పుణ్యమా అని మీటియర్ పేరు, వాంపైర్ పేరు ఇప్పటి కుర్రాళ్ళకి తెలుస్తున్నాయి. మేకులూ, రంగులూ, వేగాలూ సరిగ్గా చూపించడం కూడా ఒక రకం భక్తే. ఒక్క తేడా మాత్రం మరిచిపోకూడదు. మన తాతలు గయోపాఖ్యానం చూసి ఇంటికొచ్చినా, కృష్ణార్జునులు నిజానికి ఎలా వుండేవారో వాళ్ళకు తెలుసు. భారతం ముందు తెలుసు, నాటకం తరవాత చూశారు. అందుకే అది వాళ్ళని చెడగొట్టలేదు. ఇప్పటి పిల్లలు ముందు నాటకం చూస్తున్నారు. వాళ్ళకి భారతం ఎవరు చెబుతారు?

మనమే చెప్పాలి. విమానాల సంగతి మనకేం తెలుసని జంకనక్కర్లేదు. అయిదు పౌన్లు లేక మురిగిన పేటెంటు సంగతి మనకి అర్థమవుతుంది. చప్పుడు ఆగుతుందేమోనని చెవొగ్గిన తల్లి సంగతి అర్థమవుతుంది. రెక్కలకు గుడ్డ కుట్టి, ఇద్దరు కొడుకుల్ని ఆ ఆకాశానికే ఇచ్చుకున్న ఆవిడ సంగతి అయితే మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? వేగం ఎంతో వాళ్ళు చెప్పనీండి. ఆ వేగంతో వెళ్ళినవాడు ఎవరి కన్నబిడ్డో మనం చెబుదాం. రెండూ కలిస్తేగాని చరిత్ర పూర్తికాదు.